స్విచ్ డీబౌన్స్ చిప్‌తో టైమింగ్ సర్క్యూట్లు: అపోహలు - వాస్తవాలు

మెకానికల్ స్విచ్‌ను నొక్కినప్పుడు లోపలి కాంటాక్టులు ఒక్కసారిగా కుదురుకోవు. అవి కొన్ని మిల్లీసెకన్లపాటు ఎగిరెగిరి పడుతూ, ఒక్క నొక్కుకు అనేక పల్స్‌లు పంపుతాయి. ఆ అలజడిని తొలగించడానికే మోటరోలా ఎంసీ14490 అనే 16 పిన్నుల చిప్‌ను తయారుచేసింది. అందులో ఒక్కో స్విచ్‌కు ఒకటి చొప్పున 6 విభాగాలు ఉంటాయి. ఒకటి రెండు స్విచ్‌లకు వాడి మిగిలినవాటిని ఖాళీగా వదిలేసిన బోర్డులు చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ మిగిలిన విభాగాలతో మరో టైమర్ చిప్ అవసరం లేకుండానే చాలా పనులు జరుగుతాయి.

అపోహ: ఇది అలజడిని వడపోసే చిప్ మాత్రమే, దీనికి కాలాన్ని కొలవడం రాదు.

వాస్తవం: ఇది చేసే పనే కాలాన్ని లెక్కించడం. ప్రతి విభాగమూ తన ఇన్‌పుట్‌ను అవుట్‌పుట్‌తో పోల్చుకుంటూ, రెండూ వేరుగా ఉన్నంతసేపు ఒక్కో క్లాక్‌కు, అంటే చిప్ లోపలి ఆసిలేటర్ వేసే ఒక్కో టిక్కుకు, ఒక్కో అడుగు ముందుకు వేస్తుంది. మధ్యలో ఇన్‌పుట్ వెనక్కి మళ్లితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. 4 క్లాక్‌లు నిలకడగా గడిస్తేనే అవుట్‌పుట్ మారుతుంది. ఆ టిక్కుల వేగాన్ని చిప్‌కు బయట పెట్టే ఒక కెపాసిటర్‌తో మార్చుకోవచ్చు: 5 వోల్టుల దగ్గర క్లాక్ ఫ్రీక్వెన్సీ (హెర్ట్జ్‌లలో) సుమారుగా 1.5ను మైక్రోఫారడ్లలోని కెపాసిటర్ విలువతో భాగించినంత ఉంటుంది. 0.01 మైక్రోఫారడ్ పెడితే 150 హెర్ట్జ్, అంటే దాదాపు 27 మిల్లీసెకన్ల ఆలస్యం. మామూలు స్విచ్‌కు అది చాలు. అదే చోట 1 మైక్రోఫారడ్ పెడితే స్విచ్‌ను సుమారు 2.7 సెకన్లు నొక్కి ఉంచితే గానీ అవుట్‌పుట్ మారదు. పొరపాటున చెయ్యి తగిలితే పనిచేయకూడని రీసెట్ బటన్‌కు ఇంతకన్నా తేలికైన రక్షణ నాకు తెలియదు.

అపోహ: 6 విభాగాలను ఒకదాని అవుట్‌పుట్ తర్వాతిదాని ఇన్‌పుట్‌కు వెళ్లేలా గొలుసుగా కలిపితే స్విచ్‌ను 6 రెట్లు ఎక్కువసేపు నొక్కాలి.

వాస్తవం: అనుభవం ఉన్నవారు కూడా ఇక్కడే తడబడతారు. మొదటి విభాగాన్ని దాటగలిగిన నొక్కు, దాదాపు అదే నిడివితో, ఒక్కో విభాగంలో 4 క్లాక్‌ల చొప్పున ఆలస్యమవుతూ చివరిదాకా ప్రయాణిస్తుంది. గొలుసు పెంచేది ఆలస్యాన్నే. నిజంగా ఎక్కువసేపు నొక్కారో లేదో తెలియాలంటే మొదటి అవుట్‌పుట్‌నూ చివరి అవుట్‌పుట్‌నూ కలిపి చూడాలి. స్విచ్ నొక్కినప్పుడు అవుట్‌పుట్ ‘లో’ (తక్కువ వోల్టేజీ) స్థితికి వెళ్తుంది కాబట్టి, ఆ రెండింటినీ 4071 అనే లాజిక్ చిప్‌లోని ఒక ఆర్ గేట్‌కు ఇస్తే, రెండూ ‘లో’ అయినప్పుడే గేట్ అవుట్‌పుట్ ‘లో’ అవుతుంది. అంటే ఆలస్యంగా మొదలై, వదలగానే వెంటనే ఆగే సర్క్యూట్ వస్తుంది. అవే రెండు తీగలను 4081 చిప్‌లోని ఆండ్ గేట్‌కు మారిస్తే, ఏ ఒక్కటి ‘లో’ అయినా గేట్ ‘లో’ అవుతుంది కాబట్టి, వెంటనే మొదలై, వదిలాక కొంతసేపటికి ఆగే సర్క్యూట్ అవుతుంది. పక్కపక్క విభాగాల అవుట్‌పుట్‌లను, రెండు ఇన్‌పుట్‌లు వేరుగా ఉన్నప్పుడే స్పందించే ఎక్స్‌ఆర్ గేట్‌కు ఇస్తే నొక్కినప్పుడొకటి, వదిలినప్పుడొకటి 4 క్లాక్‌ల పల్స్ వస్తుంది. అయితే ముడి స్విచ్ తీగను మాత్రం గేట్‌కు ఇవ్వకూడదు, ఎందుకంటే తొలగించిన అలజడి మళ్లీ అక్కడినుంచే లోపలికి వస్తుంది.

అపోహ: కాలాన్ని కెపాసిటర్ ఒక్కటే నిర్ణయిస్తుంది.

వాస్తవం: సరఫరా వోల్టేజీ కూడా నిర్ణయిస్తుంది. బ్రెడ్‌బోర్డు మీద 5 వోల్టులతో చక్కగా కుదిరిన ఒక ఆలస్యాన్ని 10 వోల్టుల బోర్డుకు మార్చినప్పుడు, అది మూడో వంతుకు పడిపోవడం చూసి నేను ఒక సాయంత్రమంతా కెపాసిటర్‌నే అనుమానించాను. 10 వోల్టుల దగ్గర ఆ సూత్రంలోని 1.5 స్థానంలో 4.5 వస్తుందన్న సంగతి డేటాషీట్‌లోనే ఉంది.

అపోహ: ప్రతిసారీ ఆలస్యం కచ్చితంగా ఒకేలా ఉంటుంది.

వాస్తవం: మన వేలికి చిప్ క్లాక్‌తో పొత్తు ఉండదు కనుక ఒక క్లాక్ వరకు తేడా వస్తుంది. ఈ తేడా మొదటి విభాగంలోనే పుడుతుంది, తర్వాతివన్నీ అదే క్లాక్‌తో నడుస్తాయి. అందువల్ల గొలుసు పొడవయ్యేకొద్దీ మొత్తం ఆలస్యంలో దాని వాటా తగ్గుతుంది. లోపలి ఆసిలేటర్ విలువ చిప్‌కూ చిప్‌కూ మారుతుంది. స్థిరత్వం కావాలంటే 7వ పిన్నుకు బయటి క్లాక్ ఇచ్చి 9వ పిన్నును ఖాళీగా ఉంచాలి.

అపోహ: కరెంటు ఇవ్వగానే అవుట్‌పుట్‌లు సరైన స్థితిలో ఉంటాయి.

వాస్తవం: ఉండవు. మొదట్లో అవి ఏ స్థితిలోనైనా ఉండవచ్చు. గొలుసులో చివరి విభాగం కుదురుకోవడానికి 24కు పైగా క్లాక్‌లు పట్టవచ్చు. 5 వోల్టుల వద్ద 1 మైక్రోఫారడ్‌తో అది 16 సెకన్లు దాటుతుంది. ఆ అవుట్‌పుట్ రిలేనో మోటారునో నడిపేదైతే, అంతసేపూ దాన్ని ఆపి ఉంచే ఏర్పాటు విడిగా చేయాలి.