క్రికెట్ సంఘాలని నిలదీసేదెవరు? అపోహలు - వాస్తవాలు

నేను స్పోర్ట్స్ అసోసియేషన్ల కేసులు చూసే లాయర్‌ని, హైదరాబాద్‌లో. జూనియర్ సెలెక్షన్స్ లిస్ట్ బయటకి రాగానే పిల్లల తల్లిదండ్రులు ఆఫీసుకి రావడం మొదలవుతుంది, చేతిలో లీగ్ స్కోర్‌షీట్ల జిరాక్సులు, వాళ్లబ్బాయి కొట్టిన రన్స్ కింద ఎర్ర పెన్ను గీతలు. ఎవరికి కంప్లైంట్ ఇవ్వాలి సార్ అని అడుగుతారు. వాళ్ల మాటల్లో పదేపదే వినపడే అపోహలు రాస్తున్నా.

అపోహ: బీసీసీఐ గవర్నమెంట్ సంస్థ.

కాదండి. తమిళనాడు సొసైటీల చట్టం కింద ఉన్న ఒక సొసైటీ, అంతే. 2005లో జీ టెలిఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో బోర్డు ప్రభుత్వం కిందకి రాదని తేల్చేసింది.

అపోహ: ప్రైవేట్ కాబట్టి కోర్టుకెళ్లినా లాభం లేదు.

ఇది పూర్తిగా తప్పు. ఐపీఎల్ ఫిక్సింగ్ గొడవలో 2015 జనవరిలో వచ్చిన తీర్పు చూడండి, బోర్డు చేసేది జనానికి సంబంధించిన పని కాబట్టి హైకోర్టులో రిట్ వేయొచ్చని స్పష్టంగా చెప్పారు. కాకపోతే మా వాడిని ఎందుకు తీసుకోలేదు అంటే జడ్జిగారు టీమ్ సెలెక్ట్ చేయరు, కమిటీని రూల్ ప్రకారం వేశారా, సెలెక్టర్ బంధువు ఎవరైనా లిస్టులో ఉన్నాడా అనేది చూస్తారు. దానికంటే ముందు అంబుడ్స్‌మన్, అంటే సంఘం మీద ఫిర్యాదులు వినే అధికారి, దగ్గరికి వెళ్లారా అని అడుగుతారు. ఆ అంబుడ్స్‌మన్‌ని పెట్టేది కూడా ఆ సంఘం వార్షిక సమావేశమే (ఏజీఎం), ఇది నాకు మొదటి నుంచీ నచ్చని విషయం.

అపోహ: ఆర్టీఐ వేస్తే లెక్కలు బయటకొస్తాయి.

2018లో కేంద్ర సమాచార కమిషనర్‌గా ఉన్న మాడభూషి శ్రీధర్ ఆచార్యులు గారు బోర్డు ఆర్టీఐ కిందకి వస్తుందని ఆర్డర్ ఇచ్చారు, మద్రాస్ హైకోర్టులో స్టే వచ్చింది. 2025లో జాతీయ క్రీడా పరిపాలన చట్టం తెచ్చినప్పుడైనా మారుతుందనుకున్నాం, చివర్లో సవరించి ప్రభుత్వ సాయం తీసుకునే సంఘాలకే ఆర్టీఐ అన్నారు. జెర్సీ మీద దేశం పేరు పెట్టుకుని ఆడించేవాళ్లు సర్కారు డబ్బు తీసుకోవట్లేదు కాబట్టి జవాబు చెప్పక్కర్లేదంటే నాకు మింగుడు పడదు.

అపోహ: పైన కూర్చున్నవాళ్లని మారిస్తే అంతా సెట్ అవుతుంది.

అసలు సమస్య ఇక్కడే ఉంది. మన హైదరాబాద్ క్రికెట్ సంఘం (హెచ్‌సీఏ)లో ఓటు ఎక్కువగా క్లబ్బులది, ఎండలో ఆడే కుర్రాడిది కాదు, టికెట్ కొనే అభిమానిది అంతకన్నా కాదు. ఒకే కుటుంబం చేతిలో నాలుగైదు క్లబ్బులుంటే నాలుగైదు ఓట్లు ఒకే ఇంట్లో ఉన్నట్టే. 2023లో సుప్రీంకోర్టు జస్టిస్ లావు నాగేశ్వరరావు గారిని ఏకసభ్య కమిటీగా పెడితే, ఇలా ఒకరి చేతిలోనే ఒకటికి మించి ఉన్నాయని 57 క్లబ్బులని ఓటింగ్‌కి దూరం పెట్టారు, ఆ అక్టోబర్‌లో ఎన్నికలు జరిగాయి. హమ్మయ్య అనుకునేలోపే 2025 జూలైలో అప్పటి ప్రెసిడెంట్‌ని సీఐడీ అరెస్ట్ చేసింది, పోటీలో నిలబడ్డానికి ఒక క్లబ్ పత్రాలు ఫోర్జరీ చేశారన్నది ఆరోపణ, నిజమా కాదా కోర్టు తేల్చాలి. కానీ గొడవంతా క్లబ్ కాగితం చుట్టూనే తిరిగింది చూడండి, ఆ కాగితం ఎవరి దగ్గరుంటే కుర్చీ వాళ్లదే. 2022 సెప్టెంబర్‌లో జింఖానా గ్రౌండ్ దగ్గర టికెట్ల కోసం తొక్కిసలాట జరిగి జనం దెబ్బలు తిన్నారు కదా, వాళ్లలో ఎంతమందికి సంఘంలో ఓటుంది?

అపోహ: గవర్నమెంట్ టేకోవర్ చేస్తే పోతుంది.

బయటివాళ్లు దూరితే ఏమవుతుందో ఫుట్‌బాల్‌లో చూశాం. 2022 ఆగస్టులో బయటివాళ్ల జోక్యం అని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మన ఫుట్‌బాల్ ఫెడరేషన్‌ని సస్పెండ్ చేసింది. పదకొండు రోజులకే ఎత్తేశారు గానీ ఆ మధ్యలో ఆసియా క్లబ్ టోర్నీకని తాష్కెంట్ వెళ్లిన గోకులం కేరళ అమ్మాయిలు ఒక్క మ్యాచ్ ఆడకుండా తిరిగొచ్చారు. టైమ్‌కి ఎన్నికలు పెట్టనిది పెద్దలు, శిక్ష పడింది ఆ పిల్లలకి.

అపోహ: లోధా సంస్కరణలతో అన్నీ అయిపోయాయి.

బోర్డుని బాగుచేయడానికి సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ లోధా కమిటీ చెప్పిన మార్పులివి, 2016లో గట్టిగానే మొదలయ్యాయి. తర్వాత 2018లో కొంత, 2022లో ఇంకొంత సడలించారు, ఆ 2022 సడలింపుతో రాష్ట్రంలో ఆరేళ్లు, బోర్డులో ఆరేళ్లు కలిపి పన్నెండేళ్లు గ్యాప్ లేకుండా పదవిలో ఉండే వీలొచ్చింది.

కాబట్టి నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులకి చెప్పేదొకటే, స్కోర్‌షీట్లు ఉంచండి, వాటితో పాటు సంఘం బైలాస్ (నియమావళి), ఓటున్న క్లబ్బుల లిస్టు సంపాదించండి. సొసైటీ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫైల్ చేసిన పత్రాలకి ఫీజు కట్టి సర్టిఫైడ్ కాపీ అడగండి, మీ అబ్బాయి ఆడే క్లబ్ సెక్రటరీగా ఎవరి పేరు ఉందో ముందు అందులో చూడండి.