ఎండబెట్టినా తిరిగొచ్చే సరస్సు: కింగ్స్ కౌంటీ నీటి తగువు వెనుక కథ

2023 మార్చిలో కాలిఫోర్నియాలోని కింగ్స్ కౌంటీని నడిపే ఎన్నికైన సభ్యులు, అంటే అక్కడి సూపర్‌వైజర్లు, అత్యవసరంగా సమావేశమై, టులేరీ లేక్ కాల్వ గట్టుకు గండి కొట్టాలని తీర్మానించారు. కొండల మీద కుప్పలుగా మంచు, కింద ఎడతెగని వానలు. వచ్చే నీళ్లు ఎలాగూ ఆగవు, మరి ముందు ఎవరి పొలం మునగాలి? ఆ రోజు తేల్చుకోవాల్సింది అదే. వేసవికల్లా లక్ష ఎకరాలకు పైగా నీట మునిగింది. పత్తి, టమాటా పండే నేల, కరెంటు స్తంభాలు, రోడ్లు అన్నీ ముంపులోకి పోయాయి. చూసినవాళ్లకు కొత్త సరస్సు పుట్టినట్టే ఉంది. నిజానికి అక్కడ కొత్తగా వచ్చింది సరస్సు కాదు, పొలాలే.

అమెరికాలో కౌంటీ అంటే దాదాపు మన జిల్లా. కింగ్స్ కౌంటీ 1893లో ఏర్పడింది. హ్యాన్‌ఫర్డ్ కేంద్రం. విస్తీర్ణం సుమారు 3,600 చదరపు కిలోమీటర్లు, 2020 లెక్కల ప్రకారం జనాభా లక్షన్నర పైచిలుకు. తూర్పున సియెర్రా నెవాడా కొండల మంచు కరిగి కింగ్స్, కవీయా, టూలే, కెర్న్ నదులుగా దిగివస్తుంది. ఈ నీళ్లకు సముద్రం దారి లేదు. పల్లంలో చేరి నిలబడిపోతాయి. బాగా నిండితేనే ఉత్తరాన శాన్ వాకీన్ నదిలోకి పొర్లేవి. ఇలా ఏర్పడిందే టులేరీ సరస్సు. 1879లో దాని విస్తీర్ణం 1,800 చదరపు కిలోమీటర్లకు దగ్గరగా ఉందని అంచనా. మన కొల్లేరు పదో కాంటూరు దాకా నిండితే 900 చిల్లర. ఇది దానికి దాదాపు రెట్టింపు. పైగా కొల్లేరుకు ఉప్పుటేరు ఉంది, దీనికి అలాంటి దారి కూడా లేదు.

ఆ ఒడ్డున తరతరాలుగా బతికింది యోకుట్స్ జనం. వాళ్లలో టాచీ తెగవాళ్లు ఈ సరస్సును పాషీ అంటారు. తుంగతో పడవలు కట్టుకునేవారు, తుంగ చాపలతోనే ఇళ్లు కప్పుకునేవారు. 1833లో లోయంతా పాకిన మలేరియా వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత బంగారం కోసం వచ్చినవాళ్లు, వాళ్ల వెనకే పశువుల కాపర్లు, రైతులు మిగిలినవాళ్లనూ తరిమేశారు. ఇప్పుడు వాళ్లకు లెమూర్ దగ్గర శాంటా రోసా రాంచెరియా అనే చిన్న నివాస ప్రాంతం ఉంది. 1930లలో వాళ్లకు దక్కింది 40 ఎకరాలు. సరస్సంతా తిరిగిన జనానికి 40 ఎకరాలు!

సరస్సు ఎండిపోవడానికి కరువు కారణం కాదు, చట్టం కారణం. 1850లో కేంద్రం చిత్తడి నేలలను రాష్ట్రాలకు అప్పగించింది. నీళ్లు తోడి సాగులోకి తెస్తే భూమికి కట్టిన సొమ్ము కూడా వాపసు ఇస్తామని కాలిఫోర్నియా చెప్పింది. నదులను ఎగువనే కాల్వల్లోకి మళ్లించేశారు. ఒకప్పుడు ఈ సరస్సు తాబేళ్లు సూపు కోసం శాన్ ఫ్రాన్సిస్కో హోటళ్లకు వెళ్లేవి. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి సరస్సు అడుగు కనపడింది.

కాల్వలు తవ్వినవాళ్లకైనా భూమి నిలిచిందా అంటే, అందరికీ నిలవలేదు. హ్యాన్‌ఫర్డ్ చుట్టుపక్కల రైలు కంపెనీ భూముల్లో, ఎకరం రెండున్నర డాలర్ల నుంచి ఇస్తామన్న మాట నమ్మి రైతులు దిగారు, సొంత కష్టంతో కాల్వలు తవ్వుకున్నారు. భూమికి విలువ పెరిగాక కంపెనీ 17 నుంచి 40 డాలర్ల దాకా అడిగింది. 1880 మే 11న మసెల్ స్లూ దగ్గర కాల్పులు జరిగి రెండు పక్షాల్లో కలిపి ఏడుగురు చనిపోయారు.

తర్వాతి అధ్యాయం పత్తిది. 1920లలో జార్జియా నుంచి జె.జి. బాస్వెల్ వచ్చి కార్కొరన్‌లో కంపెనీ పెట్టాడు. బోల్ వీవిల్ అనే ముక్కు పురుగు దక్షిణాది పత్తిని తినేస్తున్న రోజులవి. బాస్వెల్ లాంటి మరో పెద్ద కుటుంబం శాలియర్లు. చివరికి 1990లలో శాలియర్ల భూమి కూడా బాస్వెల్ కంపెనీయే కొనేసింది. పత్తి ఏరడానికి మెక్సికన్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, నల్లజాతివాళ్లు, ఓక్లహోమా కరువు నుంచి పారిపోయి వచ్చిన తెల్ల కూలీలు. 1933 అక్టోబరులో వంద పౌన్లకు ఒక డాలరు ఇవ్వాలని లోయంతా సమ్మె కట్టారు, యజమానులు 60 సెంట్ల దగ్గరే ఆగారు. గుడిసెల నుంచి వెళ్లగొట్టేస్తే కార్కొరన్ పక్కన ఖాళీ స్థలంలో 3,000 మందికి పైగా డేరాలు వేసుకున్నారు. పక్క కౌంటీలో యజమానుల మనుషులు సమ్మెదారులపై కాల్పులు జరిపి ప్రాణాలు తీశారు. చివరికి 75 సెంట్లకు రాజీ కుదిరింది.

నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు 1969. నదులన్నిటి మీదా అప్పటికే డ్యాములు కట్టేశారు. కింగ్స్ నది మీద పైన్ ఫ్లాట్ డ్యాము 1954లోనే పూర్తయింది. ఇక సరస్సు రాదనుకున్నారు. వచ్చింది. కొంత నీటిని దక్షిణాన ఉన్న బ్యూనా విస్టా పల్లంలోకి మళ్లించవచ్చు. కానీ అక్కడ బాస్వెల్ కంపెనీకి కౌలు సాగు ఉంది. ఈ ప్రాంతపు నీటి వ్యవహారాలు చూసే సంస్థను అక్కడ నీటి జిల్లా అంటారు. దాని బోర్డులో ఆ ప్రతిపాదనను ఆరుగురు పక్కన పెట్టమన్నారు, నలుగురు కాదన్నారు. 88,000 ఎకరాలు మునిగాయి.

ఆ బోర్డు ఎలా ఎన్నికవుతుందో చూడండి. భూమి ఉన్నవాళ్లకే ఓటు, అదీ 100 డాలర్ల భూమి విలువకు ఒక్కటి చొప్పున. అప్పట్లో బాస్వెల్ కంపెనీకి 37,825 ఓట్లు. ఆ నీటి జిల్లాలో కాపురమున్నది 77 మంది, అందులో 18 మంది పిల్లలు. భూమి లేకపోతే ఓటే లేదు. ఈ పద్ధతి చెల్లదని కోర్టుకెక్కిన వాళ్లలో ఒకరి ఇల్లు 1969 వరద మట్టానికి పదిహేనున్నర అడుగుల కింద ఉంది. 1973లో సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల మెజారిటీతో ఈ పద్ధతి సరైనదేనంది. నీటి జిల్లా పని భూములకు సంబంధించింది గనుక భూమి యజమానులే ఓటేయవచ్చని దాని వాదన. నీళ్లు ఇంట్లోకి వచ్చేటప్పుడు పట్టా అడిగి రావు కదా! ముగ్గురు న్యాయమూర్తులు విభేదించారు. ఆంధ్రప్రదేశ్‌లో 1997 చట్టం కింద పెట్టిన నీటి సంఘాల్లో ఎకరం ఉన్నా పాతికెకరాలున్నా రైతుకు ఒకటే ఓటు. లోపాలెన్ని ఉన్నా ఆ ఒక్క సూత్రం ఎంత విలువైనదో ఈ తీర్పు చదివితే తెలుస్తుంది.

1983లో, 1997లో సరస్సు మళ్లీ వచ్చింది. ఈలోగా కింద ఇంకో మార్పు జరుగుతోంది. కార్కొరన్ కింద మందపాటి బంకమట్టి పొర ఉంది. దాని అడుగు నుంచి బోర్లు నీళ్లు తోడేకొద్దీ మట్టి అణిగిపోతుంది, ఒకసారి అణిగితే మళ్లీ నీళ్లు పెట్టినా పొంగదు. పదిహేనేళ్లలోపే ఊళ్లో కొన్నిచోట్ల నేల 11 అడుగుల పైన కుంగింది. వరద నుంచి ఊరిని కాపాడే కట్ట కూడా నేలతోపాటే దిగిపోతోంది. 2023లో దాన్ని ఎత్తు చేయడానికి రాష్ట్రం 1.7 కోట్ల డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది. కార్కొరన్ జనాభా 22 వేల పైచిలుకు, అందులో పెద్ద భాగం అక్కడి రెండు జైళ్లలోని ఖైదీలే. బయట ఉన్నవాళ్లలో ఎక్కువమంది లాటినో కూలి కుటుంబాలు. బోర్లు వేసింది వాళ్లు కాదు. పొలాలు మునిగిన ఆ ఏడాది పనులు పోయింది మాత్రం ముందు వాళ్లకే.

టాచీ జనం మాత్రం ఆ వేసవి ఒడ్డుకు వచ్చి పూజలు చేశారు, పాటలు పాడారు. సరస్సును ఇలాగే ఉండనివ్వండి అని అడిగారు. 2024 వచ్చేసరికి నీళ్లు చాలావరకు తగ్గి, తేలిన నేలలో మళ్లీ సాగు మొదలైంది.

అదే ఏడాది ఏప్రిల్ 16న రాష్ట్ర జలవనరుల బోర్డు, 2014 భూగర్భజల చట్టం కింద, టులేరీ లేక్ ప్రాంతాన్ని ప్రొబేషన్‌లో, అంటే రాష్ట్రం నిఘాలో, పెట్టింది. ఆ చట్టం కింద ఇలాంటి చర్య ఇదే మొదటిది. పెద్ద బోర్లకు మీటర్లు, ఏడాదికి బోరుకు 300 డాలర్లు, ఎకరంలో అడుగు లోతు నీటికి 20 డాలర్ల రుసుము విధించాలని నిర్ణయించింది. చిన్న పాడి రైతులు ఈ భారం మోయలేమన్నారు. కౌంటీ రైతు సంఘం దావా వేసింది, 2024లోనే స్థానిక కోర్టు అమలును ఆపింది. చిన్న రైతుల భయం న్యాయమైనదే. కానీ అందరికీ ఒకటే రేటు పెట్టకుండా ఎక్కువ తోడినవాళ్ల దగ్గర ఎక్కువ వసూలు చేసే మార్గం ఉంది. కౌంటీలో ఎవరు ఎంత తోడుతున్నారో బయటపెట్టేది ఆ మీటర్లే గనుక, ముందు అవి బిగించాలి.