రొమ్ము క్యాన్సర్ చికిత్సతో పాటు మూలికా మందులు: అపోహలు - వాస్తవాలు

కీమోథెరపీ మొదలయ్యే ముందు రోగి వాడుతున్న మందులన్నింటినీ ఒకచోట రాసుకుని, వాటిలో ఏది దేనితో పొసగదో చూడడం క్యాన్సర్ విభాగంలో ఫార్మసిస్టుగా నా బాధ్యత. బీపీ మాత్రలు, షుగరు మాత్రల సంగతి అడగకముందే చెప్తారు. పొడులు, కషాయాలు, క్యాప్సూళ్ల సంగతి మాత్రం రెండోసారి, మూడోసారి అడిగితే గానీ బయటకు రాదు. "అవి మందులు కావు కదండీ" అంటారు. క్యాన్సర్ రోగుల మీద వచ్చిన పరిశోధనలను సమీక్షించిన వారు కూడా ఇటువంటి వాడకాన్ని వైద్యుడికి చెప్పని వారి శాతం ఒక్కో అధ్యయనంలో 20 నుంచి 77 దాకా ఉందని తేల్చారు. మూలికలు మంచివా, చెడ్డవా అని నన్ను అడిగితే నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు. ఏ మూలిక, ఏ రూపంలో, ఎంత మోతాదులో, ఏ క్యాన్సర్ మందుతో పాటు, చికిత్సలోని ఏ దశలో అన్నవి తెలిస్తేనే జవాబు చెప్పగలం.

అపోహ: మూలికలు ప్రకృతిసిద్ధమైనవి కాబట్టి మేలు చేయకపోయినా హాని చేయవు.

రొమ్ము క్యాన్సర్‌కు విరివిగా వాడే పాక్లిటాక్సెల్ పసిఫిక్ యూ అనే చెట్టు బెరడులో దొరికిన పదార్థం. డోసిటాక్సెల్‌ను ఐరోపా యూ చెట్టు ఆకుల నుంచి తీసిన ముడిపదార్థంతో తయారుచేస్తారు. వినోరెల్బిన్‌కు మూలం బిళ్ళగన్నేరు. ఈ మూడూ మొక్కల నుంచి వచ్చినవే, ఈ మూడూ తెల్లరక్తకణాలను ప్రమాదకరమైన స్థాయికి పడగొట్టగలవు. శరీరంలో ఒక మార్పు తేగల శక్తి ఉన్న పదార్థానికి అక్కరలేని మార్పు తెచ్చే శక్తి కూడా ఉంటుంది. ఆసుపత్రిలో ఇచ్చే మందుకు మోతాదు, శుద్ధత, శరీరం నుంచి వెళ్లిపోయే సమయం లెక్కకట్టి ఉంటాయి. సీసాలో వచ్చే మూలికా సారానికి చాలాసార్లు ఆ లెక్క ఉండదు.

నేను ఎక్కువగా ఆందోళన పడేది కాలేయం గురించి. గాఢమైన గ్రీన్ టీ సారం, అశ్వగంధ, తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే పదార్థం క్యాప్సూళ్ల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములకు చేరితే కాలేయ ఎంజైములు పెరిగే అవకాశం ఉందని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో ప్రకటించింది. కప్పులో కాచుకుని తాగే టీతో ఈ సమస్య సాధారణంగా రాదు. ఆరోగ్యవంతుల విషయంలో ఇటువంటి ఇబ్బంది అరుదుగా వచ్చి, మందు మానేస్తే చాలావరకు తగ్గిపోతుంది. కీమో తీసుకుంటున్న వారి లెక్క వేరు. డోసిటాక్సెల్‌ను శరీరం నుంచి తొలగించేది కాలేయమే కాబట్టి, కాలేయం పనితీరును చూపే బిలిరుబిన్ రక్తంలో సాధారణ స్థాయి దాటితే ఆ మందు ఇవ్వకూడదు. మూడో విడత కీమోకు వచ్చిన రోగి రక్తపరీక్షలో ఎంజైములు పెరిగి కనిపించినప్పుడు, అది కీమో వల్ల వచ్చిందా, క్యాన్సర్ కాలేయానికి పాకిందా, ఎవరో ఇచ్చిన పొడి వల్లనా అన్నది తేలేదాకా చికిత్స ఆగిపోతుంది. పొడి సంగతి ముందే తెలిస్తే ఆ వెతుకులాట చాలావరకు తప్పుతుంది.

అపోహ: పసుపు రోజూ కూరలో వేసుకునేదే కదా, క్యాప్సూల్‌గా వేసుకుంటే ఏమవుతుంది?

వంటలో వాడే పసుపు గురించి ఎవరూ భయపడనక్కరలేదు. క్యాప్సూల్‌లో ఉండేది పసుపు కాదు, పసుపు నుంచి వేరుచేసి గాఢం చేసిన కర్కుమిన్. అది కూడా పేగుల నుంచి రక్తంలోకి సరిగా చేరదు కనుక తయారీదారులు మిరియాల నుంచి తీసిన పైపరిన్‌ను కలుపుతారు. కర్కుమిన్ విచ్ఛిన్నం కాకుండా పైపరిన్ కాలేయంలోని ఎంజైములను అణచిపెడుతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది, ఎందుకంటే ఆ అణచివేత కర్కుమిన్ ఒక్కదానికే పరిమితం కాదు.

ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ సాయంతో పెరిగే రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామాక్సిఫెన్ మాత్ర మింగిన రూపంలో బలహీనమైనది. కాలేయంలోని ఎంజైములు, ముఖ్యంగా సీవైపీ2డీ6, దానిని ఎండాక్సిఫెన్‌గా మార్చిన తరువాతనే ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే అసలు పని మొదలవుతుంది. టామాక్సిఫెన్ వాడుతున్న 16 మంది మీద 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో రోజుకు 3.6 గ్రాముల కర్కుమిన్ ఇచ్చినప్పుడు రక్తంలో ఎండాక్సిఫెన్ సుమారు 8 శాతం తగ్గింది. దానికి పైపరిన్ కూడా జోడించినప్పుడు సుమారు 12 శాతం తగ్గింది. అధ్యయనం చిన్నది, తగ్గుదల కూడా సగటున భయంకరమైనదేమీ కాదు. అయితే పుట్టుకతోనే ఈ ఎంజైము మందకొడిగా ఉండి, ఎండాక్సిఫెన్ అంచు మీద ఉన్న మహిళకు ఆ కాస్త తగ్గుదల కూడా నష్టమే. పైగా ఆ నష్టం కంటికి కనబడదు. ఒళ్లు నొప్పి, దద్దురు, వాంతి ఏదీ రాదు, మాత్ర రోజూ వేసుకుంటున్నామన్న ధీమా మాత్రం మిగులుతుంది. అందుకే టామాక్సిఫెన్ వాడేవారిని నేను కర్కుమిన్ క్యాప్సూళ్లకు దూరంగా ఉండమంటాను.

మూలికలను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు కనుక ఒక మాట చెప్పాలి: కుంగుబాటుకు ఇచ్చే ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ ఇదే ఎంజైమును ఇంకా బలంగా అణచిపెడతాయి. అవి ప్రిస్క్రిప్షన్ మీద వచ్చేవి అయినంత మాత్రాన టామాక్సిఫెన్‌తో సురక్షితమైనవి కావు.

మరో ఎంజైము సీవైపీ3ఏ4. దీనిని చురుకుగా మార్చి మందులను ముందుగానే శరీరం నుంచి తోసేసే మూలికలలో అన్నింటికంటే పేరుమోసినది కుంగుబాటుకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్. పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్ వంటి రొమ్ము క్యాన్సర్ మాత్రలతో దానిని వాడకూడదు. గ్రేప్‌ఫ్రూట్ దీనికి పూర్తిగా విరుద్ధంగా పనిచేసి అవే మందులను రక్తంలో పోగుపడేలా చేస్తుంది.

అపోహ: యాంటీఆక్సిడెంట్లు ఒంటిని కాపాడతాయి కాబట్టి కీమో, రేడియేషన్ సమయంలో తప్పనిసరిగా తీసుకోవాలి.

రేడియేషన్ క్యాన్సర్ కణాలను చంపే దారులలో ముఖ్యమైనది ఫ్రీ రాడికల్స్‌ను, అంటే కణాలను దెబ్బతీసే చురుకైన అణువులను పుట్టించడం; డాక్సోరుబిసిన్ వంటి కొన్ని కీమో మందులు కూడా పాక్షికంగా ఆ దారిలోనే పనిచేస్తాయి. యాంటీఆక్సిడెంటు ఆ రాడికల్స్‌ను ఆపేటప్పుడు ఇది మంచి కణం, ఇది చెడ్డ కణం అని చూడదు. అమెరికాలో జరిగిన ఒక పెద్ద కీమో ప్రయోగంలో పాల్గొన్న 1,134 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల వివరాలను 2020లో ప్రచురించారు. కీమోకు ముందు, కీమో జరుగుతుండగా కూడా యాంటీఆక్సిడెంటు మాత్రలు వాడిన వారిలో వ్యాధి తిరగబెట్టే ముప్పు 41 శాతం ఎక్కువగా కనిపించింది. గణాంకపరంగా ఆ అంకె గట్టిది కాదు, వాడినవారి సంఖ్య తక్కువ. కాబట్టి దీనిని రుజువుగా కాక హెచ్చరికగా తీసుకోవాలి. పండ్లు, కూరగాయలు మానమని దీని అర్థం కాదు.

అపోహ: సోయా ముట్టుకోకూడదు, మెనోపాజ్ ఆవిర్లకు మాత్రం మూలికా మాత్రలు వేసుకోవచ్చు.

ఇది తలకిందులైన జాగ్రత్త. ఆహారంగా తీసుకునే సోయా గురించి భయం అనవసరం. షాంఘైలో 5,042 మంది రొమ్ము క్యాన్సర్ రోగులను గమనించి 2009లో వెలువరించిన ఫలితాలలో, సోయా ఆహారం ఎక్కువగా తిన్నవారిలో వ్యాధి తిరగబెట్టడం, మరణాలు తక్కువగా ఉన్నాయి. అదే సోయా నుంచి తీసిన ఐసోఫ్లేవోన్ మాత్రలకు గానీ, రెడ్ క్లోవర్, అతిమధురం సారాలకు గానీ అటువంటి భరోసా లేదు. ఈస్ట్రోజెన్ గ్రాహకాలు (ఆ హార్మోన్ వచ్చి అతుక్కునే చోట్లు) ఉన్న కణితికి ఈస్ట్రోజెన్ అందకుండా చేయడమే హార్మోన్ చికిత్స ఉద్దేశం. ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థాలను గాఢమైన మోతాదులో రోజూ మింగడం దానికి ఎదురు నడవడమే. అతిమధురం అధికంగా వాడితే రక్తంలో పొటాషియం తగ్గి, బీపీ పెరుగుతుంది. గుండె మీద ప్రభావం చూపే డాక్సోరుబిసిన్, ట్రాస్టుజుమాబ్ తీసుకునేవారికి ఇది అదనపు ముప్పు. బ్లాక్ కోహోష్ ఆవిర్లను తగ్గిస్తుందనడానికి ఆధారాలు బలహీనంగా ఉన్నాయి, కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు మాత్రం ఉన్నాయి. ఆవిర్లు నిద్ర పట్టనివ్వనంతగా ఉంటే డాక్టరుకు చెప్పండి. వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ వంటి హార్మోన్లు కాని మందులున్నాయి.

అపోహ: ప్రయోగశాలలో క్యాన్సర్ కణాలను చంపిందని రుజువైంది కదా.

లక్ష్మణఫలం కీమో కంటే పది వేల రెట్లు శక్తివంతమైనదన్న సందేశం ఏళ్ల తరబడి ఫోన్లలో తిరుగుతూనే ఉంది. దాని మూలం ఆ మొక్కలోని ఒక రసాయనాన్ని గాజుపాత్రలో కణాల మీద పరీక్షించిన ఫలితమే తప్ప, మనుషులలో చికిత్సగా పరీక్షించిన ఫలితం కాదు. గాజుపాత్రలో కణాన్ని చంపే పదార్థాలకు కొదవ లేదు, బ్లీచింగ్ ద్రవం కూడా ఆ పని చేస్తుంది. ఆ పదార్థం నోటి ద్వారా వెళ్లి, కాలేయాన్ని దాటి, కణితిని చేరి, మిగతా శరీరాన్ని వదిలేయగలదా అన్నది తేలాలి. కరేబియన్‌లోని గ్వాడెలూప్ దీవిలో పార్కిన్సన్స్‌ను పోలిన ఒక వ్యాధి అసాధారణంగా ఎక్కువగా ఉండడానికి ఈ ఫలం, దాని ఆకుల కషాయం కారణం కావచ్చని 1999 నుంచి పరిశోధకులు అనుమానిస్తున్నారు.

మనుషులలో జరిగిన చిన్న ప్రయోగం కూడా ఆఖరి మాట కాదు. రేడియేషన్ వల్ల వచ్చే చర్మపు మంటను కర్కుమిన్ తగ్గిస్తుందని 30 మందితో చేసిన ప్రయోగంలో కనిపించింది. 686 మందితో మళ్లీ చేస్తే ఆ మేలు కనిపించలేదు.

అపోహ: డాక్టర్లు మూలికలంటేనే ఒప్పుకోరు.

అదే రేడియేషన్ మంటకు కాలెండ్యులా అనే పువ్వుతో చేసిన లేపనం ఒక మందు క్రీముతో పోటీపడి మెరుగ్గా నిలిచింది. 254 మంది మీద జరిగిన ఆ ప్రయోగంలో ఓ మోస్తరు నుంచి తీవ్రమైన మంట కాలెండ్యులా రాసుకున్నవారిలో 41 శాతానికి, రెండోవారిలో 63 శాతానికి వచ్చింది. ఎంతో పేరున్న కలబంద మాత్రం ఈ విషయంలో నిరాశపరిచింది. కీమో వికారానికి వాంతి మందులతో పాటు అల్లం కొందరికి ఉపకరిస్తుంది. అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2018లో ఆమోదించిన మార్గదర్శకాలు వికారానికి అల్లాన్ని పరిశీలించవచ్చని చెప్తూనే, కీమో తిమ్మిర్లను ఆపుతుందని చాలామంది వాడిన ఎసిటైల్ ఎల్ కార్నిటిన్‌ను వద్దన్నాయి. ప్రయోగంలో అది తిమ్మిర్లను పెంచింది.

నిజంగా ఒప్పుకోనిది ఒకటుంది: మూలికలు మొదలుపెట్టి చికిత్స మానేయడం. ప్రత్యామ్నాయ వైద్యాన్ని మాత్రమే నమ్ముకున్న రొమ్ము క్యాన్సర్ రోగులలో మరణ ముప్పు 5.68 రెట్లు ఎక్కువని 2018లో ఒక అమెరికా విశ్లేషణ చూపింది. అదే బృందం, చికిత్సతో పాటు ఇతర పద్ధతులు కూడా వాడిన 258 మంది క్యాన్సర్ రోగులను పరిశీలించినప్పుడు ముప్పు సుమారు రెట్టింపుగా తేలింది. వీరిలో సర్జరీనో, కీమోనో, రేడియేషన్‌నో, హార్మోన్ మాత్రలనో నిరాకరించినవారు ఎక్కువ. ఆ నిరాకరణను లెక్కలోకి తీసుకున్నాక తేడా మాయమైంది.

అపోహ: లేబుల్ మీద రాసినదే లోపల ఉంటుంది.

ఇంటర్నెట్‌లో అమ్మిన 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 21 శాతంలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. లేబులే లేని పొట్లాం సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అపోహ: కీమో, రేడియేషన్ అయిపోయాయి, ఇక ఏది వాడినా ఫరవాలేదు.

సర్జరీ మిగిలి ఉంటే వెల్లుల్లి, గింకో, జిన్సెంగ్ సారాలను కనీసం రెండు వారాల ముందే ఆపాలి, ఎందుకంటే అవి రక్తం గడ్డకట్టడాన్ని మందగించేలా చేయగలవు. అన్నీ పూర్తయినా, హార్మోన్ గ్రాహకాలున్న వారికి టామాక్సిఫెన్ లేదా లెట్రోజోల్ వంటి మాత్రలు 5 నుంచి 10 ఏళ్లు సాగుతాయి. ముప్పు ఎక్కువగా ఉన్న కొందరికి వాటితో పాటు అబెమాసిక్లిబ్ రెండేళ్లు లేదా రైబోసిక్లిబ్ మూడేళ్లు ఉంటుంది. ఆసుపత్రికి రావడం తగ్గిపోయి, కొత్త పొడులు, క్యాప్సూళ్లు ఎక్కువగా ఇంట్లోకి వచ్చేది ఈ కాలంలోనే. మొదలుపెట్టే ముందే మీ ఆంకాలజిస్టుకో ఫార్మసిస్టుకో చూపండి. ఇప్పటికే వాడుతున్నా చెప్పడానికి సంకోచించవద్దు. సీసా తేవడం కుదరకపోతే లేబుల్‌కు అన్ని వైపులా ఫోటోలు తీసి తెచ్చినా చాలు. చిన్న అక్షరాలలో ఉండే "ఇతర పదార్థాలు" అన్న వరుస కూడా కనబడేలా తీయండి. పైపరిన్ ఒక్కోసారి అక్కడే ఉంటుంది.