కంటికో సైజు: నేల వాలినట్టు కనిపించడం వెనుక కథ

కొత్త కళ్లజోడు పెట్టుకోగానే నేల ఓ పక్కకు వాలినట్టుందని, మెట్లు దిగాలంటే భయమేస్తోందని కొందరు అంటారు. చార్టులో చివరి వరుస దాకా చదివేస్తారు కాబట్టి "అలవాటైపోతుంది లెండి" అన్న మాటే వినిపిస్తుంది. చాలామందికి అలవాటవుతుంది కూడా. రెండు కళ్ల పవర్లలో బాగా తేడా ఉన్నవాళ్ల సంగతి వేరు. ప్లస్ అద్దం బొమ్మను పెంచుతుంది, మైనస్ అద్దం తగ్గిస్తుంది. దాంతో మెదడుకు చేరే రెండు బొమ్మల సైజు కలవదు.

సైజు కలవకపోతే లోతు ఎందుకు తప్పుతుంది? 1838లో లండన్‌లో శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్ స్టీరియోస్కోప్‌తో (ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ విడిగా చూపే పరికరం) చూపించింది ఇదే: రెండు కళ్ల బొమ్మల మధ్య ఉండే చిన్న తేడా నుంచే మెదడు లోతును రాబడుతుంది. ఆ తేడా వస్తువు దూరం వల్ల వచ్చిందా, కళ్లద్దం వల్ల వచ్చిందా అన్నది దానికి తెలియదు. కుడి కంటి బొమ్మ అడ్డంగా కాస్త సాగితే చాలు, ఎదుటి గోడ కుడి అంచు వెనక్కి జరిగినట్టుంటుంది.

దీన్ని పట్టుకుని కూర్చున్నవాడు అడెల్బర్ట్ ఏమ్స్. లా చదివి, దాన్ని వదిలి బొమ్మలు వేసి, చివరికి అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో చూపు మీద పరిశోధనకు దిగాడు. గోడలు, నేల, పైకప్పు అంతా ఆకులతో కప్పిన గది ఒకటి కట్టించాడు. మామూలు గదిలో మూలలు, తలుపు గీతలు చూసి మెదడు తప్పును సర్దేసుకుంటుంది. ఆకుల మధ్య ఆ ఆసరా ఉండదు. పవర్ లేకుండా సైజు మాత్రమే మార్చే అద్దం ఒక కంటికి పెడితే గదే వంకరపోయేది. 1938లో అక్కడి కెన్నెత్ ఓగిల్ ఇంకో వింత బయటపెట్టాడు: ఒక కంటి బొమ్మను నిలువుగా సాగదీస్తే గోడ, అడ్డంగా సాగదీసినప్పటికి ఎదురు దిశలో వాలినట్టుంటుంది. మామూలు లెక్క ప్రకారం నిలువు తేడాతో అలాంటి వాలు రాకూడదు! ఈ పరిశోధన సాగిన డార్ట్‌మత్ ఐ ఇన్‌స్టిట్యూట్ 1947లో మూతపడింది.

సమస్య మాత్రం శుక్లాల ఆపరేషన్లలో ఇంకా పెద్దగా ఉండేది. కంటిలోని కటకం తీసేసి సోడాబుడ్డి కళ్లద్దాలిస్తే బొమ్మ దాదాపు 25 నుంచి 30 శాతం పెద్దదయ్యేది. తేడా 5 శాతం దాటితే చాలు, రెండు బొమ్మలు కలవడం చాలామందికి కష్టం. అందుకే ఒక్క కంటికే ఆపరేషన్ అయి, రెండో కన్ను బాగుంటే ఆ అద్దాలతో ఒకటికి రెండు కనిపించేవి. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ కంటిలోపలే ప్లాస్టిక్ లెన్స్ అమర్చి దీనికి దారి చూపాడు. తోటి వైద్యులు ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. మన దగ్గర అది సామాన్యుడి దాకా వచ్చింది 1990లలోనే. 1992లో మదురైలో ఆరోల్యాబ్ చవగ్గా లెన్సులు తయారుచేయడం మొదలుపెట్టింది. 1994లో మొదలైన ప్రపంచబ్యాంకు శుక్లాల ప్రాజెక్టులోని ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

లోపలి లెన్స్‌తో తేడా 1-2 శాతానికి దిగింది. అయినా మైనస్ ఎనిమిదో, పదో ఉన్నవాళ్లు ఒక కన్నే ఆపరేషన్ చేయించుకుని దాన్ని సున్నాకు తెచ్చుకుంటే పాత బాధ మళ్లీ మొదలవుతుంది. రెండో కంటికి కాంటాక్ట్ లెన్సా, త్వరగా ఆపరేషనా అన్నది మొదటి కన్ను ముట్టకముందే డాక్టరుతో మాట్లాడుకోవాల్సిన విషయం.