పై అంతస్తు బాత్రూమ్ కారుతోందా? షవర్ డ్రెయిన్ లీకేజీపై అపోహలు - వాస్తవాలు

"పైన బాత్రూమ్ కారుతోంది, ఎప్పుడొచ్చి పగలగొడతారు?" అని ఫోన్ వస్తే నేను ముందు అడిగేది ఒకటే: ఏ వేళప్పుడు కారుతోంది? ఎక్కడ కారుతోందో అందరూ చెబుతారు, కింది సీలింగ్ మీద మచ్చ ఫొటో కూడా పంపుతారు. వేళ మాత్రం ఎవరూ గమనించి ఉండరు. ప్లంబింగ్ చేసేవాడికి మచ్చ కన్నా ఆ వేళే ఎక్కువ చెబుతుంది.

అపోహ: మచ్చ ఎక్కడుంటే లీకు సరిగ్గా దాని పైనే ఉంటుంది

నీరు పల్లమెరుగు నిజమే, కానీ తిన్నగా దిగాలని ఎక్కడా లేదు. పైపు ఒంటిని పట్టుకునో, స్లాబులోని కరెంటు పైపు వెంటో, సన్నటి పగులు వెంటో నాలుగడుగులు నడిచి అక్కడ బొట్టు కడుతుంది. పని నేర్చుకునే రోజుల్లో మచ్చకు నేరుగా పైనున్న టైల్స్ లేపేశాను. కింద ఎండు సున్నంలా పొడిగా ఉంది. అసలు లీకు గోడవారగా, డ్రెయిన్ పైపు స్లాబులోంచి దిగేచోట. అదే డిజైన్ టైల్స్ మళ్లీ దొరకలేదు. ఆ ఇంటివాళ్ల మొహం ఇప్పటికీ గుర్తుంది.

వేళ సంగతికి వద్దాం. ఎవరూ నీళ్లు వాడకపోయినా రాత్రంతా బొట్లు పడుతుంటే డ్రెయిన్‌ను కాదు, ముందు ప్రెషర్‌తో నీళ్లు వచ్చే లైనును అనుమానించండి. కుళాయిలన్నీ కట్టేసినా వాటర్ మీటర్ తిరుగుతుంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. స్నానం మొదలైన కాసేపటికే కారి, ఆపాక తగ్గిపోతే డ్రెయిన్ పైపో, ట్రాప్ (వాసన రాకుండా నీరు నిలిపే వంపు) జాయింటో అయి ఉంటుంది. గంటలు గడిచాక నెమ్మదిగా చెమ్మ దిగితే టైల్స్ కింది వాటర్‌ప్రూఫింగ్ పొరను చూడాలి. షవర్ ట్రే పెట్టిన బాత్రూముల్లో ఇంకో చిత్రం ఉంది. ఊరికే నీళ్లు వదిలితే చుక్క పడదు, మనిషి ఎక్కి నిలబడితేనే కారుతుంది. బరువుకు ట్రే వంగి, డ్రెయిన్ దగ్గర రబ్బరు వాషర్ పట్టు వదులుతుందన్నమాట.

అపోహ: పగలగొడితే తప్ప తెలియదు

ముందు నేల పొడిగా ఉంచి, జాలీ తీసి, హోస్ పైపును డ్రెయిన్ లోపలికి దింపి పావుగంట నీళ్లు వదలండి. నేల మీద చుక్క పడకూడదు. కింద కారిందంటే తప్పు పైపుది, టైల్స్‌ది కాదు.

కారకపోతే డ్రెయిన్ నోరు ప్లగ్‌తో బిగించి, నేల మీద అంగుళం ఎత్తున నీళ్లు నిలపండి. గడప దాటి గదిలోకి పోకుండా చూసుకోండి. నీటిమట్టం దగ్గర పెన్సిల్ గీత గీసి 24 గంటలు వదిలేయండి. గీత కొంచెం దిగినంత మాత్రాన కంగారు వద్దు, ఆవిరి అవుతుంది, ప్లగ్ కూడా కాస్త వదలొచ్చు. కింద తడిసిందా లేదా అన్నదే లెక్క. చివరగా డ్రెయిన్ తెరిచి గోడల మీద మాత్రమే నీళ్లు కొట్టి చూడాలి. ఒక పరీక్షకూ ఇంకోదానికీ మధ్య కింద ఆరనివ్వాలి. మూడూ ఒకే పూట చేస్తే ఏది కారిందో ఆ దేవుడికే తెలియాలి.

మచ్చ లైటు దగ్గరుంటే వీటన్నిటి కన్నా ముందు ఆ లైను బ్రేకర్ ఆపేయండి.

అపోహ: గ్రౌట్ కొత్తగా నింపితే సరిపోతుంది

గ్రౌట్ అంటే టైల్స్ మధ్య సందుల్లో నింపేది. సిమెంట్ గ్రౌట్ నీటిని పీలుస్తుంది. టైల్స్ ఎంత నున్నగా వేసినా, నీటిని ఆపాల్సింది కిందున్న వాటర్‌ప్రూఫింగ్ పొరే. గ్రౌట్ మారిస్తే కొన్నాళ్లు తగ్గినట్టుంటుంది, మళ్లీ మొదలు. ఎపాక్సీ గ్రౌట్ మేలైనదే, కానీ అదీ ఆ పొరకు బదులు కాదు. పైగా యాసిడ్ పోసి కడిగే అలవాటొకటి! యాసిడ్ సిమెంట్‌ను తినేస్తుంది. అది చివరికి చేరేది డ్రెయిన్ దగ్గరికే కాబట్టి మొదట గుల్లయ్యేదీ అక్కడే.

జాలీ చుట్టూ సిలికాన్ బిగించేసే పని కూడా ఇలాంటిదే. కొన్ని రకాల డ్రెయిన్లకు జాలీ కింద సన్నటి రంధ్రాలుంటాయి. టైల్స్ కిందికి ఇంకిన నీరు వాటిలోంచే పైపులోకి పోవాలి. అవి మూసుకుపోతే ఆ నీరు అక్కడే మురుగుతుంది.

అపోహ: పైపు చుట్టూ సిమెంట్ గట్టిగా కూరితే ఇక కారదు

నేను ఎక్కువగా చూసే లీకు ఇదే. అదే వేడికి పీవీసీ కాంక్రీట్ కన్నా సుమారు 5 రెట్లు ఎక్కువ సాగుతుంది. వేడినీళ్ల స్నానం జరిగిన ప్రతిసారీ పైపు కొంచెం ఉబ్బి, తర్వాత ముడుచుకుంటుంది. నున్నటి పైపుకు సిమెంట్ ఎలాగూ అంటదు. కొన్నాళ్లకు చుట్టూ వెంట్రుకంత సందు పడుతుంది, నీటికి అది చాలు.

అందుకే చుట్టూ చెక్కి, దుమ్ము దులిపి, పైపును గరుకు కాగితంతో రుద్ది, సాల్వెంట్ సిమెంట్ (పైపు జాయింట్లకు వాడే సొల్యూషన్) పూసి తడి మీదే ముతక ఇసుక చల్లుతాను. ఆరాక కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపి, పైన చిన్న గాడి వదిలి అందులో సాగే గుణమున్న పాలీయూరిథేన్ సీలెంట్ పెడతాను. ఆపైన వాటర్‌ప్రూఫింగ్ పొర డ్రెయిన్ నోటి లోపలికి దిగాలి. చాలాచోట్ల దాన్ని అంచు దగ్గరే ఆపేస్తారు. ఇంత చేసి టైల్స్ వేసే తొందరలో 24 గంటల నీటి పరీక్ష మానేయడం మాత్రం నాకు మింగుడుపడదు.

అపోహ: కింది నుంచి జాయింట్ మీద సొల్యూషన్ పూస్తే అతుక్కుంటుంది

అది జిగురు కాదు. రెండు ప్లాస్టిక్ ముఖాలను కరిగించి ఒకటి చేసే మందు. బయట పూస్తే లోపలి సందు చేరదు. ఎపాక్సీ పుట్టీ రెండు రోజులు ఆదుకుంటుంది, అంతే. కోసి కొత్త ముక్క వేయాల్సిందే: పొడిగా తుడిచి, లోపలిదాకా నెట్టి పావు చుట్టు తిప్పి, అర నిమిషం పట్టుకోవాలి.

అపోహ: మచ్చ పోలేదంటే రిపేర్ ఫెయిలైనట్టే

తడిసిన స్లాబు ఆరడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. మచ్చ చుట్టూ పెన్సిల్‌తో గీసి పక్కనే తేదీ రాయండి. గీత దాటకపోతే టెన్షన్ అక్కర్లేదు. ఆరకముందే రంగు వేస్తే బుడగలు లేస్తాయి. తెల్లటి పొడి కనిపిస్తే అది నీటితో పైకొచ్చిన లవణం, బ్రష్‌తో దులిపేయొచ్చు. పెచ్చులూడి తుప్పు ఊచలు బయటపడితే సంగతి వేరు. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీట్‌ను లోపలి నుంచి చీలుస్తుంది. అక్కడ నా రెంచి పక్కన పెట్టి, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలిపించమని చెప్పి వచ్చేస్తాను.