గీజర్‌లో పట్టింది ఉప్పు కాదు, గార

పోయిన సంక్రాంతికి ఒంగోలులో మా ఇంట్లో గీజర్ వేసినప్పుడల్లా ఎంసీబీ పడిపోతుంటే మెకానిక్‌ని పిలిచాం. కాయిల్ బయటికి లాగాడు. చిటికెనవేలంత కూడా ఉండని కడ్డీ మొక్కజొన్న కండెంత లావైంది, తెల్లగా, పెచ్చులు పెచ్చులుగా. "బోరు నీళ్లు కదన్నా, ఉప్పు పట్టేసింది" అన్నాడు. వంటింట్లోంచి మా అమ్మ "ఉప్పేంది అబ్బయా, గార అది" అంది.

ఇద్దరిలో అమ్మదే కరెక్టు. లీటరు నీళ్లలో 350 గ్రాముల ఉప్పయినా కరుగుతుంది, మరి ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండే కాయిల్ మీద ఉప్పెట్లా నిలుస్తుంది? అనుమానం తీరక ఒక పెచ్చు గ్లాసు నీళ్లలో వేసి రాత్రంతా ఉంచా, చెక్కుచెదరలేదు. అదే పెచ్చుని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో వేస్తే బుస్సుమని నురగొచ్చింది. అది కాల్షియం కార్బొనేట్. సున్నపురాయి, కోడిగుడ్డు పెంకు, పాత మిద్దెల గోడల మీద ఆరి గట్టిపడ్డ సున్నపు గార, అన్నిట్లోనూ ఉన్నది ఆ సరుకే. (కెమిస్ట్రీ మేష్టారు దీన్నీ లవణమనే అంటారు, ఆ గొడవ వేరు.)

కరగని రాయి ట్యాంకులోకి ఎట్లా ఎక్కిందంటే, వాన నీళ్లు భూమిలోకి దిగేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కాస్త పుల్లబడతాయి, బాగా పల్చటి గోలీసోడా అనుకోండి. ఆ పులుపు దారిలో తగిలిన సున్నపురాయిని బైకార్బొనేట్‌గా మార్చి కరిగించుకుంటుంది. మనం బోరులో తోడుకునేది ఆ నీళ్లే. కాచామా, గ్యాస్ ఎగిరిపోతుంది, దాంతో పులుపు పోతుంది, రాయి మళ్లీ రాయవుతుంది. ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే ముందు పేరుకుంటుంది కాబట్టి కాయిలే దొరుకుతుంది దానికి.

తాగే నీళ్లలో కాఠిన్యం (అంటే కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం, కాల్షియం కార్బొనేట్ లెక్కన) లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500, వేరే నీళ్లు దొరక్కపోతే 600 దాకా సర్దుకోమంటుంది. 600 లెక్కన 20 లీటర్ల బకెట్లో 12 గ్రాములు. రోజుకి మూడు బకెట్ల వేడినీళ్లు వాడే ఇంట్లో నెలకి కిలో దాటుతుంది. చాలా వరకు నీళ్లతోనే పోతుందిలెండి, కానీ పదోవంతు నిలబడినా వంద గ్రాముల రాయి.

దీనివల్ల కరెంటు బిల్లు పేలిపోతుందని అందరూ అంటారు. నాకు అది పూర్తిగా నిజమనిపించదు. కాయిల్ నీళ్లలోనే ఉంది కదా, పుట్టిన వేడి ఆలస్యంగానైనా నీళ్లలోకే పోవాలి. కాకపోతే గార వేడిని తొందరగా పోనివ్వదు, అందుకని లోపల కాయిల్ కాలిపోయేంత వేడెక్కి, పైతొడుగు చిట్లి, నీళ్లు లోపలికి దిగి, ఎంసీబీ పడుతుంది. మాకు జరిగింది అదే. గ్యాస్ గీజర్ సంగతి వేరు, అక్కడ నీళ్లకెక్కని వేడి పొగతోపాటు బయటికి పోతుంది, కాబట్టి గ్యాస్ నిజంగానే దండగ.

వాషింగ్ మెషీన్‌లో కూడా హీటర్ ఉన్న ఫ్రంట్ లోడ్‌కే ఈ బాధ ఎక్కువ. చల్లనీళ్లతో తిరిగే టాప్ లోడ్‌లో గార తక్కువ, పౌడర్ ఖర్చు మాత్రం ఎక్కువ. కూలర్లో అయితే కాచే పనే లేదు, నీళ్లు ఆవిరైపోతే ఉప్పూ రాయీ రెండూ గడ్డిలోనే మిగిలి అది అట్టలాగా బిగుసుకుపోతుంది. ఆర్వో వదిలేసిన నీళ్లు వృథా ఎందుకని కూలర్లో పోసేవాళ్లని చూశా, అవి మామూలు బోరు నీళ్లకంటే చిక్కటివి, ఇల్లు తుడవడానికి వాడుకోండి.

ఇంకోటి. ఫిల్టర్లు అమ్మేవాళ్లు టీడీఎస్ (నీళ్లలో కరిగినవాటి మొత్తం) మీటర్ ముంచి అంకె చూపించి టెన్షన్ పెడతారు. ఆ మీటర్ చూసేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందనే, అది ఉప్పు వల్లా కాల్షియం వల్లా అనేది దానికి తెలియదు. కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ చేసే పని కాల్షియం, మెగ్నీషియం తీసుకుని సోడియం వదలడం, కాబట్టి అది బ్రహ్మాండంగా పనిచేస్తున్నా మీటర్ అంకె పెద్దగా తగ్గదు. ఇంట్లోనే చూడాలంటే ఏసీ పైపులోంచి కారే నీళ్లు ఒక సీసాలో, బోరు నీళ్లు ఇంకో సీసాలో పట్టి, ఒంటి సబ్బు కోరు చెరి చిటికెడు వేసి ఊపండి (షాంపూ వద్దు, అది ఏ నీళ్లలోనైనా నురగిస్తుంది). ఒకటి నురగతో నిండుతుంది, రెండోదాంట్లో తెల్లటి తెట్టె తేలుతుంది.

కొత్త కాయిల్ వేయించాక గీజర్ 50 డిగ్రీల దగ్గర పెట్టాం, వేడి తగ్గితే గారా తగ్గుతుంది. కెటిల్ అయితే నీళ్లు పోసి, రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి గంట వదిలేస్తే చాలు. బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం పొయ్యొద్దు, గారతోపాటు లోహాన్నీ తినేస్తుంది.

కందిపప్పు మాత్రం అమ్మ ఇప్పటికీ సాగర్ కాలువ నీళ్లొచ్చిన రోజు పట్టిపెట్టుకున్న బిందెలోంచే తీసి వేస్తుంది. బోరు నీళ్లలోని కాల్షియం పప్పు గింజలోని పెక్టిన్ అనే జిగురుని పట్టుకుని బిగించేస్తుందని, అందుకే ఎన్ని విజిల్స్ వచ్చినా మెత్తబడదని చెప్పా. "అదేగా నేను ముప్పై ఏళ్లుగా మొత్తుకునేది" అంది.