వింత జంతువు కబురు విన్నప్పుడు

విశాఖపట్నం

చిరంజీవులు సింధు, విక్కీలకు తాతయ్య ఆశీస్సులు.

కంబాలకొండ అడవిలో ఎవరికీ తెలియని జంతువు తిరుగుతోందని మీ బడిలో అనుకుంటున్నారనీ, అది నిజమో కాదో ఎలా తేల్చుకోవాలనీ అడిగారు. అలాంటి కబురును వెంటనే నమ్మవద్దు, కొట్టిపారేయనూ వద్దు. మీ నానమ్మ చేటలో బియ్యం చెరిగినట్లు చెరగండి. "ఎవరో చూశారట" అన్న మాట పొట్టు, మొదటి విసురుకే ఎగిరిపోతుంది. చూసిన మనిషి ఎదురుగా ఉంటే ఆ కబురు చేటలో నిలుస్తుంది. అయితే రాళ్లూ చేటలోనే నిలుస్తాయి కనుక, ఆయన కంటితో చూసినదేదో, తరువాత ఊహించుకున్నదేదో ఓపికగా ఏరాలి. 2017లో మన ఊళ్లోనే, కడుతున్న ఒక భవనంలో గ్రహాంతరవాసులు కనిపించారని ఒక వీడియో ఎక్కడెక్కడికో పాకింది. నిజానికి అవి ఈకలు సరిగా రాని గుడ్లగూబ పిల్లలు. గ్రహాంతరవాసులన్న మాట పొట్టే కాని, తెల్లని ముఖాలూ నిటారుగా నిలబడిన తీరూ అసలు గింజలు. వాటిని బట్టే అవేమిటో పోల్చుకోగలిగారు.

నా చిన్నతనంలో భీమిలి ఒడ్డున అలివి వల లాగే ఒక ముసలి జాలరి ఉండేవాడు. నీళ్లలో ఏదో పెద్ద జంతువు కనిపించిందని మేము పరుగెత్తుకొస్తే, అది ఎంత పెద్దదని ఆయన ఎన్నడూ అడగలేదు. "తోక పక్కలకి ఊపిందేట్రా, మీదకీ కిందకీ ఊపిందేట్రా?" అనేవాడు. చేపలు తోకను పక్కలకు ఊపుతాయి, డాల్ఫిన్లూ తిమింగలాలూ పైకీ కిందికీ ఊపుతాయి. భయపడిన కంటికి ఒళ్లు పెద్దదిగా కనిపించవచ్చు కాని, తోక ఊగే తీరు మారదు కదా! అంతకన్న మంచి ప్రశ్నను నేను పెద్ద చదువులు చదివినవారి నోటా వినలేదు.

స్థానికుల మాటకు ఎంత విలువ ఇవ్వాలో కలివికోడి కథ చెబుతుంది. 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంటపడక, అంతరించిందనే అనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారు ఆ పొదల మధ్య తిరిగే మనుషులను కలుపుకొని వెతకగా, చివరికి పిట్టలు పట్టే ఒక స్థానికుడికే అది చిక్కింది. రాత్రిపూట తిరిగే పక్షి కనుక, తరువాతి పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టి పరిచి దాని అడుగుజాడల కోసం చూశారు.

మీరూ ఈ శనివారం సాయంత్రం పెరటి గోడ వారన జల్లించిన ఇసుకను పలుచగా పరిచి, పొద్దున్నే ఎవరూ తొక్కకముందు చూడండి. ప్రతి జాడ పక్కనా స్కేలు పెట్టి ఫోటో తీసి, వేళ్లెన్నో, గోళ్ల గుర్తులు పడ్డాయో లేదో రాయండి. పిల్లి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది, కుక్క ముడుచుకోలేదు. ఈ రెండూ కాని జాడ కనిపిస్తే, దానికి ఏ పేరూ పెట్టకుండా నాకు పంపండి.

మీ తాతయ్య